కుమారుడికే తెలియదంటే, తేదీ మీకెవరు చెప్పారండీ?

లోకం ఫలానా రోజున అంతమైపోతుందని చెప్పేవాళ్ళకి ఏ కాలంలోనూ కొదవ లేదు. ఈమధ్య బాగా మోగిన తేదీ 2025 సెప్టెంబరు 23, అది తప్పితే 24. దక్షిణాఫ్రికాలో ఒకాయన తనకు దర్శనంలో తెలిసిందన్నాడు. ప్రభువు వచ్చి విశ్వాసుల్ని ఎత్తుకుపోతాడన్నాడు. ఆ మాట టిక్‌టాక్ ఎక్కి దేశదేశాలు తిరిగింది. కార్లు అమ్మేశామనీ, ఉద్యోగాలు వదిలేశామనీ కొందరు వీడియోలు పెట్టారు. 25వ తేదీ ఎప్పటిలాగే తెల్లారింది. తర్వాత ఏం జరిగిందో ఊహించడానికి దర్శనాలు అక్కర్లేదు. లెక్కలో చిన్న తేడా అన్నారు, అక్టోబరులో ఇంకో తేదీ ఇచ్చారు.

నా గొడవ ఆయనతో కాదు. అలాంటివాళ్ళు వస్తారు, పోతారు. ఆయన వెనకాల నిలబడి ఆయన్ని చూసి నవ్వే పెద్దమనుషులతోనే నా పేచీ. అంటే బైబిల్లో భవిష్యత్తు గురించి ఎక్కడ ఇబ్బందికరమైన మాట కనపడితే అక్కడ, "అబ్బే, దాని అర్థం అది కాదండీ" అని అతుకు వేసే వ్యాఖ్యాతలు. ఉన్న మాటని ఉన్నట్టు చదవనిస్తే తేదీల దుకాణం ఒక్కరోజు కూడా నడవదు. ఈ అతుకులే దానికి పెట్టుబడి. ఇదీ నేను చెప్పదల్చుకున్నది. ఇక వివరాల్లోకి వెళ్దాం.

ముందే చెప్తున్నా, నేను వేదాంతిని కాను. కోడు రాసుకుని బతికేవాణ్ణి. కాకపోతే ఒక స్పెసిఫికేషను డాక్యుమెంటులో 4వ పేజీ ఒకటి చెప్పి, 9వ పేజీ ఇంకోటి చెప్తే ఏం చెయ్యాలో నాకు తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. అంతేగానీ ఒకదాన్ని గుట్టుగా చెరిపేసి, క్లయింటుకి "అంతా బాగానే ఉందండీ" అని మెయిలు కొట్టకూడదు. ఆ పాపం ఎప్పటికైనా ప్రొడక్షనులో బయటపడుతుంది.

సరే, పక్కపక్కన పెడదాం.

ఒకవైపు: యెషయా 46లో, ఆరంభంలోనే అంతం చెప్పగలవాణ్ణి నేనొక్కణ్ణే అంటాడు దేవుడు. 139వ కీర్తన ప్రకారం మాట మన నాలుక మీదకి రాకముందే ఆయనకు తెలుసు. యోహాను సువార్త చివర్లో పేతురు యేసుతో నీకు తెలియనిది లేదు కదా అంటాడు. ఇంతవరకూ ఆదివారం బడిలో అందరూ నేర్చుకునేదే.

రెండోవైపు: ఆదికాండం 6లో మనుషుల్ని ఎందుకు చేశానా అని ఆయన నొచ్చుకుంటాడు. 18లో సొదొమ గురించి తన దాకా వచ్చిన మొర నిజమో కాదో దిగి వెళ్ళి చూస్తానంటాడు, చూస్తే తెలుస్తుంది కదా అంటాడు. 22లో అబ్రాహాము కొడుకు మీద కత్తి ఎత్తాక, నువ్వు నాకు భయపడతావని నాకిప్పుడు తెలిసింది అంటాడు. ఇప్పుడు తెలియడమేమిటి? ఇక యిర్మీయాలో ఒకటికి మూడుసార్లు (7, 19, 32 అధ్యాయాల్లో), పిల్లల్ని మంటల్లో బలివ్వడమనే ఆ పాడుపని అసలు నా మనసుకే తోచలేదు అంటాడు.

వీటన్నిటికన్నా సూటిగా గుచ్చేది మొదటి సమూయేలు 15వ అధ్యాయం. 11వ వచనంలో సౌలుని రాజుగా చేసినందుకు దేవుడు పశ్చాత్తాపపడతాడు. 29లో సమూయేలు, ఆయన పశ్చాత్తాపపడడానికి మనిషి కాదు అంటాడు. 35కి వచ్చేసరికి సౌలు విషయంలో ఆయన పశ్చాత్తాపపడ్డాడని మళ్ళీ రాసుంది. మూడు చోట్లా హీబ్రూలో ఒకటే క్రియ. అనువాదకుడి పొరపాటు అనే సాకు కూడా లేదు. పడ్డాడు, పడడు, పడ్డాడు. ఒకే అధ్యాయం, ఒకే సంఘటన.

ఆ అధ్యాయాన్ని మనకి అందించినవాడు మతిమరుపు మనిషా? 29 మీద సిరా ఆరకముందే కదా 35 రాసింది. ఈ రెండూ కలిపి పెడితే ఇబ్బంది అని మనకు తట్టిన సంగతి అతనికి తట్టలేదా? తట్టే ఉంటుంది. అయినా రెండూ ఉంచాడు. ఆ ధైర్యం మన వ్యాఖ్యాతలకు లేదు.

మా టీములో ఒక తమ్ముడున్నాడు, ఆదివారం చర్చిలో గిటారు వాయిస్తాడు. టీ తాగుతూ ఈ అధ్యాయం సంగతి ఎత్తితే, "అన్నా, దేవుడికి అన్నీ ముందే తెలుసు. పశ్చాత్తాపం అనేది మనకర్థం కావాలని మనిషి భాషలో చెప్పారంతే" అన్నాడు.

"సరే తమ్ముడూ, మరి పశ్చాత్తాపపడడు అన్న 29వ వచనం ఏ భాష? అది మనిషి భాష కాదా?" అన్నాను.

కాసేపు ఆలోచించి, "పాస్టరు గారిని అడిగి చెప్తానన్నా" అన్నాడు. నిజాయితీ గల పిల్లాడు. తెలియనప్పుడు తెలియదన్నాడు. మన వ్యాఖ్యాతల్లో ఎంతమంది ఆ మాట అంటారు?

సమస్య ఇదే. మూడు వచనాల్లో రెండు అలంకారం, ఒకటి అక్షరసత్యం అని తేల్చింది ఎవరు? పుస్తకంలో ఆ రూలు లేదు. దేవుడు మారడు, ఆయనకు తెలియనిది ఉండదు అని ముందే ఒక నిర్ణయానికి వచ్చి, దానికి సరిపోయే వచనాన్ని సొంత పిల్లలాగా, సరిపోని వచనాల్ని సవతి పిల్లల్లాగా చూస్తున్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నవాడికీ వీళ్ళకీ తేడా ఏముంది?

ఈ అతుకుల పని ఇవాళ్టిది కాదు లెండి. మార్కు 13:32 చూడండి. ఆ రోజు, ఆ గడియ ఎప్పుడో మనుషులకు తెలియదు, పరలోకంలో దూతలకు తెలియదు, కుమారుడికీ తెలియదు, తండ్రికి మాత్రమే తెలుసు అని యేసే చెప్తాడు. మత్తయి 24:36లో కూడా ఇదే మాట. కానీ మత్తయి చేతిరాత ప్రతులు చాలావాటిలో "కుమారుడికీ తెలియదు" అన్న ముక్క మాయమైంది. 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలు మత్తయిలో ఆ ముక్క కనపడదు. నాలుగో శతాబ్దానికి చెందిన సినైటికస్ ప్రతిలో మొదట రాసినవాడు ఆ మాట రాశాడు, తర్వాత ఒకడు దిద్ది తీసేశాడు, ఆ తర్వాత ఇంకొకడు మళ్ళీ చేర్చాడు. మనం వెర్షన్ కంట్రోల్లో చూసే గొడవే, తోలు కాగితాల మీద.

చెరపలేనివాళ్ళు అర్థం మార్చారు. నాలుగో శతాబ్దంలో అంబ్రోసు, ఆ మాటని ఏరియస్ పక్షం వాళ్ళు ఇరికించారన్నాడు. అగస్టీను, తెలియదంటే మీకు చెప్పను అని అర్థం అన్నాడు. ఆరో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో థెమిస్టియస్ అనే డీకను, ఆ మాటని ఉన్నదున్నట్టే తీసుకుందాం, క్రీస్తుకు తెలియనివి ఉన్నాయి అంటే ఆయన అనుచరులకి "తెలియనివాదులు" అన్న అర్థం వచ్చే పేరొకటి తగిలించి పక్కన పెట్టారు. 600వ సంవత్సరంలో పోపు గ్రెగరీ కూడా వాళ్ళని తప్పుపడుతూ ఉత్తరం రాశాడు. వీళ్ళందరికన్నా ముందే అథనాసియస్ కాస్త నయం. మనిషిగా పుట్టాడు కాబట్టి మనిషికుండే తెలియనితనం కూడా ఒప్పుకున్నాడు అన్నాడు. అది కూడా ఒక వివరణే, కానీ కనీసం ఉన్న మాటని లేదనలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. "తెలియదు" అంటే "తెలుసు గానీ చెప్పను" అని మీరు ఒప్పుకుంటే ఏమవుతుంది? తేదీ ఒకటి ఉంది, ఆయన దగ్గర దాచిపెట్టి ఉంది, గట్టిగా వెతికితే దొరుకుతుంది అని మీరే చెప్పినట్టు. దాచిన వస్తువు ఉందంటే దొంగ తాళంచెవులు చేసేవాళ్ళు ఊరికే ఉంటారా?

వచ్చారు. అదేం విచిత్రమో గానీ వాళ్ళల్లో లెక్కలవాళ్ళూ, మా ఇంజనీరు కులంవాళ్ళూ కాస్త ఎక్కువే. ఎడ్గర్ విజెనెంట్ అని మాజీ నాసా ఇంజనీరు, 1988 సెప్టెంబరులో ప్రభువు రాకడ ఖాయమంటూ 88 కారణాలతో పుస్తకం వేశాడు. మరి రోజూ గడియా తెలియదని రాసుంది కదా అంటే, రోజూ గడియా తెలియదన్నారు గానీ వారం, నెల, సంవత్సరం తెలియకూడదని అనలేదు కదా అన్నాడు! ఇలాంటి వాదన నేను రిక్వైర్‌మెంట్ల మీటింగుల్లో విన్నాను. 1988 గడిచింది. లెక్కలో ఒక సంవత్సరం తేడా వచ్చిందని 1989కి మళ్ళీ పుస్తకం వేశాడు.

హెరాల్డ్ కాంపింగ్ కూడా చదువుకున్నది సివిల్ ఇంజనీరింగే. అమెరికాలో పెద్ద రేడియో నెట్‌వర్కు నడిపాడు. మొదట 1994 సెప్టెంబరు అన్నాడు. తర్వాత 2011 మే 21. నమ్మినవాళ్ళు దాచుకున్న డబ్బులు తీసి హోర్డింగులకి పెట్టారు. మే 22 వచ్చింది. తీర్పు ఆత్మీయంగా జరిగిపోయింది, మిగతాది అక్టోబరు 21న అన్నాడు. అదీ అయిపోయింది. 2012 మార్చిలో ఉత్తరం రాసి తప్పు ఒప్పుకున్నాడు. ఆ ఉత్తరంలో ఆయన చివరికి చేరుకున్న వచనం ఏమిటో తెలుసా? ఆ రోజూ ఆ గడియా ఎవరికీ తెలియదు అన్నదే! అది ముందు నుంచీ అక్కడే ఉంది కదండీ.

వీళ్ళకన్నా పాతవాడు విలియం మిల్లర్, అమెరికాలో న్యూయార్కు రాష్ట్రపు రైతు. దానియేలు 8లోని 2300 దినాల్ని 2300 సంవత్సరాలుగా చేసి, క్రీస్తుపూర్వం 457 నుంచి లెక్కపెట్టి 1843-44 దగ్గర తేలాడు. ఆ ఉద్యమం చివరికి 1844 అక్టోబరు 22 దగ్గర ఆగింది. పొలాల్లో పంట కొయ్యకుండా వదిలేసినవాళ్ళున్నారు. ఆ రోజుకి చరిత్రలో మహా ఆశాభంగం అని పేరు మిగిలింది. అనుచరుల్లో కొందరు తేదీ సరైనదే, జరగాల్సింది పరలోకంలో జరిగిపోయింది అన్నారు. దీన్ని మా భాషలో, బగ్ కాదు ఫీచర్ అంటారు.

న్యూటను కూడా లెక్కలు కట్టాడు. ఆయన కాగితాల్లో 2060 అన్న సంఖ్య కనపడుతుంది. కానీ పెద్దాయన పెద్దాయనే. అంతకన్నా ముందు రాదు అనడానికే అది రాస్తున్నాను, ఊరికే తేదీలు చెప్పి అవి తప్పినప్పుడల్లా పుస్తకానికి చెడ్డపేరు తెచ్చేవాళ్ళ నోరు మూయించడానికి అన్నట్టు రాసుకున్నాడు. మూడొందల ఏళ్ళయింది, నోళ్ళు మూతపడలేదు.

మరి పుస్తకం ప్రకారం ముందుగా చెప్పడం దేనికి? ఇది అర్థమైతే సగం చిక్కు విడిపోతుంది.

యోనా నీనెవెకి వెళ్ళి 40 రోజుల్లో పట్టణం నాశనమవుతుందన్నాడు. (గ్రీకు అనువాదంలో అయితే 3 రోజులే.) "అయితే" లేదు, "మారకపోతే" లేదు. షరతు లేని మాట. రాజు దగ్గర్నుంచి పశువుల దాకా గోనెపట్ట కట్టుకున్నారు. దేవుడు మనసు మార్చుకున్నాడు, పట్టణం నిలిచింది. మరి ప్రవచనం తప్పిందా? మా సర్వర్లో 40 గంటల్లో డిస్కు నిండిపోతుందని అలర్టు వస్తుంది. ఎవడో లేచి పాత లాగులు తుడిచేస్తాడు. 40 గంటలైనా డిస్కు నిండదు. అలర్టు అబద్ధం చెప్పిందని ఎవరైనా అంటారా? అది వచ్చింది అందుకే. కోపం వచ్చింది ఒక్క యోనాకే. తాను చెప్పింది జరగలేదని అలిగి కూర్చున్నాడు. కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేల మంది కన్నా తన మాట నిజం కావడమే అతనికి ముఖ్యం. మన తేదీల బోధకులకి ఆ పుస్తకంలో పూర్వీకుడెవరైనా ఉంటే అతనే.

హిజ్కియా రాజుతో యెషయా, ఇల్లు చక్కబెట్టుకో, నువ్వు బతకవు అన్నాడు. రాజు గోడవైపు తిరిగి ఏడ్చాడు. ప్రవక్త ఇంకా నడిమి ప్రాకారం దాటకముందే, వెనక్కి వెళ్ళి 15 ఏళ్ళు కలిపానని చెప్పు అని కబురొచ్చింది. దావీదు కెయీలా ఊళ్ళో ఉండగా సౌలు ఇక్కడికి వస్తాడా అని అడిగాడు. వస్తాడు. ఊరివాళ్ళు నన్ను పట్టిస్తారా? పట్టిస్తారు. దావీదు ఊరు వదిలి వెళ్ళిపోయాడు. సౌలు రానేలేదు, ఎవరూ పట్టించనూ లేదు. రెండు జవాబులూ నిజమే, రెండూ జరగలేదు. యిర్మీయా 18లో అయితే ఈ పద్ధతిని రూలుగానే చెప్పారు. ఒక జనాన్ని కూలుస్తానన్నాక వాళ్ళు మారితే నేనూ మారతాను, నిలబెడతానన్నాక వాళ్ళు చెడితే అప్పుడూ మారతాను అని.

అంటే ఆ పుస్తకంలో రేపటి గురించి చెప్పింది ఇవాళ ఏదైనా చెయ్యమనే. క్యాలెండరులో గుర్తు పెట్టుకుని కూర్చోమని కాదు.

ఇంతటితో అన్నీ సర్దుకున్నాయని చెప్తే నేనూ అతుకులవాడినే అవుతాను. ఈ లెక్కకి లొంగనివి ఉన్నాయి. హుల్దా ప్రవక్తి యోషీయా రాజుతో నీ మనసు మెత్తబడింది కాబట్టి నువ్వు సమాధానంగా సమాధికి చేరతావు అంటుంది. తర్వాతి అధ్యాయంలోనే మెగిద్దో దగ్గర ఫరో నెకో చేతిలో చచ్చిపోతాడు. అతను మారలేదా అంటే, ఆ వంశంలో అంతగా మారినవాడే లేడని ఆ పుస్తకమే చెప్తుంది. యెహెజ్కేలు 26లో తూరు పట్టణాన్ని నెబుకద్రెజరు కూలుస్తాడు, దోచుకుంటాడు అని ఉంది. 29కి వచ్చేసరికి, అతని సైన్యం బుర్రలు బోడులయ్యేలా, భుజాలు కొట్టుకుపోయేలా కష్టపడినా తూరు దగ్గర కూలి దక్కలేదు, బదులుగా ఐగుప్తు ఇస్తాను అని ఉంది. అబ్బే, అది రెండొందల ఏళ్ళ తర్వాత వచ్చిన అలెగ్జాండరు గురించి అని అతుకు వేసేవాళ్ళు ఈ 29 పేరెత్తరు. యెహెజ్కేలే దాచనిది వీళ్ళు దాస్తారు.

అన్నిటికన్నా బరువైనది మార్కు 13:30. ఇవన్నీ జరిగేదాకా ఈ తరం గతించదు అని యేసు అంటాడు. పౌలు కూడా థెస్సలొనీకయులకు రాస్తూ, ప్రభువు వచ్చేదాకా బతికుండే మనం అన్నట్టు రాస్తాడు. ఆ తరం పోయింది, దాదాపు రెండువేల ఏళ్ళు పోయాయి. 1906లో ఆల్బర్ట్ ష్వైట్జర్, యేసు అంతం దగ్గరపడిందనే నమ్మాడు, అది రాలేదు అని పెద్ద పుస్తకం రాసి చెప్పాడు. క్రైస్తవం తరఫున ఎన్నో పుస్తకాలు రాసిన సి.ఎస్. లూయిస్ కూడా బైబిలంతటిలో మనల్ని ఎక్కువగా ఇరుకున పెట్టే వచనం ఇదే అని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని ఒక మంచి మాట చెప్పాడు. ఈ తరం గతించదు అన్న మాటకీ, ఆ రోజు నాకూ తెలియదు అన్న మాటకీ మధ్య దూరం ఎంత? 30కీ 32కీ మధ్య ఒక్క వచనం. కట్టుకథ అల్లేవాడైతే ఈ రెంటినీ అలా పక్కపక్కన పెట్టుకోడు అని. ఆయన ముగింపుతో మీరు ఏకీభవించక్కర్లేదు. ఆ నిజాయితీ మాత్రం చూడండి.

మరి బొయీతియస్ సంగతి, మొలీనా సంగతి ఎందుకు చెప్పలేదు అని తత్వశాస్త్రం చదివినవాళ్ళు అడుగుతారు. చెప్తాను. బొయీతియస్ 524 ప్రాంతంలో చావు ఎదురుచూస్తూ జైల్లో కూర్చుని, దేవుడికి ముందు వెనకలు లేవు, అన్నీ ఒకేసారి కళ్ళముందు ఉంటాయి అని వాదించాడు. మొలీనా 1588లో, ఎవరు ఏ పరిస్థితిలో ఏం చేస్తారో కూడా దేవుడికి తెలుసు అన్నాడు, కెయీలా కథ ఆ వాదనకి పెద్ద ఆధారం. దాని మీద జెసూట్లూ డొమినికన్లూ ఏళ్ళ తరబడి కొట్టుకుంటే 1607లో పోపు ఐదో పాల్, ఎవరూ ఎవరినీ తప్పుపట్టకండి అని ఇద్దర్నీ ఇళ్ళకి పంపాడు. 1994లో క్లార్క్ పినోక్ వగైరాలు, అసలు భవిష్యత్తు పూర్తిగా ఖాయమైపోలేదు, దేవుడు మనతోపాటే నడుస్తున్నాడు అని పుస్తకం రాస్తే, 2003లో అమెరికా సువార్తిక వేదాంత సంఘం ఆయన్నీ, జాన్ శాండర్స్‌నీ సభ్యత్వం నుంచి తీసెయ్యాలని ఓటింగు పెట్టింది. కావల్సిన మూడింట రెండొంతులు రాక ఇద్దరూ మిగిలారు.

వీళ్ళందరూ గొప్ప బుర్రలు. కానీ వీళ్ళలో చాలామంది జవాబు చెప్తున్నది, దేవుడికి ముందే తెలిస్తే మనకి స్వేచ్ఛ ఎక్కడుంది అన్న ప్రశ్నకి. సమూయేలు 15లో పడ్డాడు, పడడు, పడ్డాడు అని ఎందుకుంది అన్నది వేరే ప్రశ్న. కాలానికి అవతల ఉన్నవాడు నొచ్చుకోవడం ఏమిటో బొయీతియస్ చెప్పడు. అంతా తెరిచి ఉందనేవాళ్ళకి యెషయా 46 గొంతులో ముల్లే. ఎవరి పక్కన ఏ వచనం మిగిలిపోయిందో చూపించడం ఎదుటివాడికి చాలా తేలిక. పుస్తకం మాత్రం రెండూ ఉంచుకుంది.

ఇదంతా వేదాంతుల గొడవ, మనకెందుకు అంటారా? అక్కడికే వస్తున్నా.

యిర్మీయా 28 చదవండి. దేవాలయంలో అందరి ముందూ హనన్యా అనే ప్రవక్త లేచి, రెండేళ్ళలో బబులోను కాడి విరిగిపోతుంది, చెరపట్టుకుపోయిన వాళ్ళు తిరిగొస్తారు అన్నాడు. జనానికి ఎంత హాయిగా ఉండుంటుందో! యిర్మీయా కూడా ఆమేన్, అలాగే జరిగితే బావుండు అన్నాడు. కానీ జరగదని కూడా చెప్పాడు. తర్వాతి అధ్యాయంలో బబులోనులో ఉన్నవాళ్ళకి ఉత్తరం రాశాడు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, పిల్లల్ని కనండి, మీరున్న ఊరు బాగుండాలని ప్రార్థించండి. 70 ఏళ్ళు పడుతుంది. మీ మధ్య ప్రవక్తలమని తిరిగేవాళ్ళ మాటలు నమ్మకండి.

కొత్త సంవత్సరం రాత్రి మన తెలుగు చర్చిల్లో వాగ్దానం కార్డులు పంచుతారు. మీ విషయంలో నావి మంచి ఉద్దేశాలే, మీకు ఆశ ఉంది అనే అర్థం వచ్చే వచనం, యిర్మీయా 29:11, చాలామంది ఇళ్ళల్లో గోడ మీద ఉంటుంది. చల్లని మాటే. కాదనను. కానీ దాని పైన 10వ వచనంలో 70 ఏళ్ళు అని ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి రావడం చూసి ఉండరు. వాళ్ళకి చెప్పింది తోటలు నాటమని. 11 మాత్రం కత్తిరించి గోడకి తగిలించి, 10ని వదిలేస్తే యిర్మీయా నోట్లో హనన్యా మాట పెట్టినట్టే.

నాకు తెలిసిన ఒకావిడ ఉన్నారు. ఒక ప్రార్థన కూటంలో ఒకాయన ఆవిడని పేరు పెట్టి పిలిచి, ఫలానా నెలలోపు మీ అబ్బాయి విదేశం వెళ్తాడని ప్రభువు చెప్తున్నాడు అన్నాడు. ఆ మాట మీద వడ్డీకి అప్పు తెచ్చి ఏజెంటుకి కట్టారు. నెల దాటింది, వీసా రాలేదు. అడిగితే ఆయన, మీ విశ్వాసంలో లోటుందమ్మా అన్నాడు. ఆవిడ ఇప్పటికీ తన విశ్వాసంలో లోటెక్కడుందా అని వెతుక్కుంటున్నారు. వడ్డీ మాత్రం లోటు లేకుండా కడుతున్నారు. లోకాంతం తేదీకీ, వీసా తేదీకీ తేడా పరిమాణంలోనే. రెండూ తన దగ్గర లేని సరుకు అమ్మడమే.

అలా అని మిగతావాళ్ళం మీసాలు తిప్పాల్సిన పనేమీ లేదు. ఏది జరిగినా, జరిగాక బ్రహ్మంగారు ముందే చెప్పారు అనేవాళ్ళం మనం. ముహూర్తం చూపించుకుని సిజేరియన్లు చేయించుకునేవాళ్ళం మనం. ఎదుటివాడి పుస్తకంలో తేదీ తప్పితే పకపకా నవ్వి, మన పంచాంగంలో తప్పితే గడియ తేడా అనేవాళ్ళం. రోగం ఒకటే, మందుల షాపులే వేరు.

ఇక్కడ బైబిలు దగ్గర ఒక సదుపాయం ఉంది. రోగం పేరూ, పరీక్షా రెండూ లోపలే రాసున్నాయి. ద్వితీయోపదేశకాండం 18లో, దేవుడి పేరున చెప్పింది జరగకపోతే అది దేవుడి మాట కాదు అని ఉంది. 13లో అయితే, జరిగినా సరే, వాడు మిమ్మల్ని పక్కదారి పట్టిస్తుంటే వినకండి అని ఉంది. మొదటి పరీక్ష ఒక్కటే పెడితే యోనా కూడా ఫెయిలవుతాడు, నిజమే. అందుకే నీనెవె కథ కూడా అదే పుస్తకంలో ఉంది. చెప్పింది జరిగిందా అన్నదొక్కటే కాదు, విన్నవాడు ఏం చేశాడు అన్నది కూడా చూడాలి. నీనెవె వాళ్ళు హింస మానారు. బబులోనులో ఉన్నవాళ్ళు తోటలు నాటాలి. మిల్లర్ మాట విన్నవాళ్ళు పంట వదిలేశారు, కాంపింగ్ మాట విన్నవాళ్ళు దాచుకున్నది ఊడ్చేశారు. చెట్టుని కాయల్ని బట్టి తెలుసుకోమన్నది కూడా ఆ పుస్తకమే కదా.

కాబట్టి అతుకులు వేసే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. దేవుడికి అన్నీ తెలుసని మీరు నమ్మండి, ఎవరు వద్దన్నారు? కానీ నొచ్చుకున్నాడన్న చోట నొచ్చుకోనివ్వండి. తెలియదన్న చోట తెలియదనే ఉంచండి. మీరు ఆ "తెలియదు"ని "తెలుసు"గా మార్చిన ప్రతిసారీ, ఊళ్ళో ఇంకొకడు నాకూ తెలుసు అని మైకు పట్టుకుంటున్నాడు. మీరు వచనాన్ని వంచడం నేర్పారు, అతను ఇంకాస్త వంచాడు, అంతే.

ఇక ఆ కూటాల్లో కూర్చునే అమ్మలకీ, అన్నలకీ ఒక మాట. ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం చివరి వచనం తెరిచి చూడండి. చెప్పింది జరగని ప్రవక్తని ఏం చెయ్యాలో దాని చివర్న ఉంది. అతనికి భయపడొద్దు అని. మీ విశ్వాసంలో లోటుందమ్మా అని ఎవరైనా అన్నప్పుడు, ఆ పేజీ చూపించండి.